గంగాబాయి మొదటి ముద్ద

గంగాబాయి కడుపునిండా తిని ఎరగదని భివండీలోని కామత్‌ఘర్‌లో అందరికీ తెలుసు. ఎట్లా తెలుసంటే, ఆమే చెప్పింది. కూరగాయలవాడు కనిపిస్తే చెప్పింది, గుడికి పోతే దేవుడికి చెప్పింది, షేర్ ఆటోలో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషికీ చెప్పింది. "పొద్దుందాక వండుడే నా పని. కూసోని తిన్నది ఏనాడన్న ఉన్నదా? గాలి పీల్చి బతుకుతున్న," అనేది. అలా అంటున్న మనిషి ఆ ఆటోలో ఇద్దరి చోటు ఆక్రమించి ఉండేది. గాలికే ఇంత ఒళ్లు వస్తుందా అని అడిగే ధైర్యం ఆటోవాడికి కూడా లేకపోయింది.

నిజానికి ఆమె మాటలో అబద్ధం లేదు. కంచం ముందు పెట్టుకుని, కాళ్లు మడుచుకుని, నిదానంగా ఒక పూట తిన్న గుర్తు ఆమెకు లేదు. ఆమె నడిపేది బిస్సీ. ఊళ్లో పెళ్లాంపిల్లలను వదిలి భివండీకి వచ్చి సాంచాలనే మరమగ్గాల మీద బట్ట నేసే మగవాళ్లకు రెండు పూటలా తిండి పెట్టే ఇంటిని అక్కడ బిస్సీ అంటారు. ఆ మగవాళ్లు ఒక్కొక్క గదిలో వంతులవారీగా పడుకునేవాళ్లు. పగటి పనికి పోయే దిన్‌పాళి వాడు లేచిన చాప మీదే, రాత్రంతా పనిచేసి రాత్‌పాళి దిగినవాడు ఒళ్లు వాల్చేవాడు. పొయ్యి పెట్టుకునే జాగా ఉండదు, ఉన్నా ఓపిక ఉండదు. గంగాబాయి ఇంటి ముందుగదిలో పీటల మీద కూర్చుని కంచం ముందుకు లాక్కుంటేనే వాళ్లకు పాణం లేచి వచ్చేది.

ఆమె వంట కూడా అట్లాంటిదే. పప్పు మీద ఎర్రగా నూనె తేలాలి. తేలకపోతే, "ఏందక్కా, నూనె దుకాణం బంద్ ఉన్నదా?" అని అడిగేవాళ్లు. అన్నం మల్లెపూవంత తెల్లగా ఉండాలి. వాళ్లంతా జొన్నగటుక తాగి పెరిగినవాళ్లు. భివండీకి వచ్చిందే తెల్లన్నం తినడానికన్నట్టు తినేవాళ్లు. ఆఖరున చాయ్. అందులో చక్కెర ఎంత ఉండేదంటే, తాగాక పెదవులు ఒకదానికొకటి అంటుకునేవి.

ఆ బిస్సీకి ఒక ఆచారం ఉండేది. పంగత్, అంటే భోజనాల బంతి, కూర్చుని అందరికీ వడ్డన అయ్యాక, గంగాబాయి వాళ్లకు ఎదురుగా పీట వేసుకుని మొదటి ముద్ద తాను తినేది. ఆ ముద్ద ఆమె గొంతు దిగాకే తక్కినవాళ్లు కంచంలో చెయ్యి పెట్టేవాళ్లు. ఇది ఎవరో పెద్దలు పెట్టిన ఆచారం కాదు, లక్ష్మీనర్సయ్య నోటి దురుసు వల్ల వచ్చింది. చాలా ఏళ్ల కిందట ఒక వానాకాలం, కనేరిలో ఎవరిదో బిస్సీలో పాడైన కూర తిని జనమంతా వాంతులతో దవాఖానా పాలయ్యారు. మరునాడు గంగాబాయి పంగత్‌లో ఒక్కడూ కంచం ముట్టుకోలేదు. అందరిలో పెద్దవాడైన లక్ష్మీనర్సయ్య గొంతు సవరించుకున్నాడు.

"చెల్లె, ఏమనుకోకు. ముందుగాల నువ్వొక ముద్ద తిను."

గంగాబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడే చతికిలబడి, పప్పన్నం కలిపి, చేతికి పట్టినంత ముద్ద చేసి, లక్ష్మీనర్సయ్య మొహంలోకే చూస్తూ మింగింది.

"సస్తే నేనే ముందుగాల సస్త. ఇగ తినుర్రి," అంది.

ఆ కోపం సాయంత్రానికి చల్లారింది గానీ ముద్ద మాత్రం ఆగలేదు. గంగక్క తాను తిన్నదే పెడుతుందన్న పేరు సందు దాటి, నాలుగు రోడ్ల నాకా దాటి, అంజూర్‌ఫాటా దాకా పాకింది. కొత్తగా ఊరినుంచి దిగిన కుర్రవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి మరీ ఆ ముద్ద చూపించేవాళ్లు. ఆమెకూ గర్వంగానే ఉండేది. రాత్‌పాళి దిగినవాళ్లకు ఒక పంగత్, దిన్‌పాళి ఎక్కేవాళ్లకు ఒక పంగత్, మధ్యాహ్నం ఆలస్యంగా వచ్చేవాళ్లకు ఇంకొకటి, సాయంత్రం పాళి మారేటప్పుడు మళ్లీ రెండు. ప్రతి పంగత్‌కూ ముద్ద, ముద్ద వెనకాల చాయ్. ముద్దలే కదా, అది తిండి ఎట్లా అవుతుంది? అందుకే గాలి పీల్చి బతుకుతున్నానని అంత నమ్మకంగా చెప్పేది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో ఆమెకు దాహం మొదలైంది. ఎన్ని చెంబులు తాగినా నాలుక పిడచకట్టుకుపోయేది. పొయ్యి వేడి అనుకుంది. నడిస్తే ఆయాసం వచ్చేది. వయసు అనుకుంది. సాంచాలు బంద్ ఉండే ఒక శుక్రవారం బజారుకు పోయి కొత్త చెప్పులు కొనుక్కుంది. అవి కుడికాలి బొటనవేలిని కరిచాయి. పసుపు పెట్టింది, కొబ్బరినూనె పెట్టింది, చెప్పులను తిట్టింది. నెల తిరిగినా పుండు మానలేదు.

కూతురు దీపాలి పట్టుబట్టి నాకా దగ్గరి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. దీపాలి మరాఠీ కాలేజీలో చదివే పిల్ల. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ గాబరా పడితే సగం మాటలు మరాఠీలోకి జారిపోతాయి. రక్తం తీశారు, రిపోర్టు వచ్చింది, డాక్టరమ్మ కళ్లద్దాలు సవరించుకుంది. రోజూ ఏం తింటావని హిందీలో అడిగింది.

"కుచ్ నై ఖాతీ మేడం. ఖాలీ ఏక్ ముద్దా," అంది గంగాబాయి ఎంతో వినయంగా.

ముద్ద అంటే ఏమిటో దీపాలి మరాఠీలో చెప్పాల్సి వచ్చింది. డాక్టరమ్మ ఆ తల్లిని, ఆ ఒంటిని, ఆ రిపోర్టును మార్చి మార్చి చూసింది. తర్వాత వస్తున్న నవ్వు ఆపుకుని నెమ్మదిగా చెప్పింది. ఒంట్లో చక్కెర చాలా ఎక్కువగా ఉంది. వేలికి రక్తం సరిగా అందడం లేదు. మాత్రలు ఇస్తాను, కానీ మాత్రలొక్కటే చాలవు, తిండి మారాలి, నడవాలి. చక్కెర దిగకపోతే పుండు మానదు. పుండు మానకపోతే దసరాకల్లా వేలు తీయాల్సి వస్తుంది. అది వేలితోనే ఆగుతుందన్న పూచీ నేను ఇవ్వలేను.

గంగాబాయి గుండెల్లో రాయి పడింది. తెల్లవారుజాము నుంచి పొయ్యి ముందు నిలబడే మనిషికి కాలే పెట్టుబడి.  ఇంటి గుమ్మం దగ్గర కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఈ సంగతి బిస్సీల ఎవలకు తెల్వద్దు. పుండుకాలుదాని చేతి బువ్వ ఎవడు తింటడే? అందరు యమున దగ్గరికి ఉరుకుతరు."

యమునాబాయిది వెనక సందులో బిస్సీ. ఆమె పప్పులో నూనె ఇంకో వేలెత్తు ఎక్కువ తేలేది. ఇద్దరికీ మాటలు లేవు. ఎందుకు లేవో ఇద్దరికీ గుర్తు లేదు.

ఇంతా విని కూడా గంగాబాయి తన తిండిలో తప్పేముందో ఒప్పుకోలేదు. తినని తిండిని తగ్గించడం ఎట్లా అని ఆమె వాదన. దీపాలి వాదించలేదు. ఒక ఆదివారం కాలేజీ లేని రోజు చూసుకుని, మూలన ఒక పెద్ద గిన్నె పెట్టుకుంది. తల్లి పంగత్‌లో ముద్ద తిన్నప్పుడల్లా, సరిగ్గా అంత ముద్ద తీసి గిన్నెలో వేసింది. వడ్డిస్తూ వడ్డిస్తూ ఉప్పు చూడ్డానికని నోట్లో వేసుకున్న ఆలుగడ్డ ముక్కలు, అడుగున మిగిలితే పారేయలేక మింగిన మెతుకులు, అవి కూడా వేసింది. సాయంత్రం పంగత్ లేచాక ఆ గిన్నెను తెచ్చి తల్లి ముందు పెట్టింది.

"ఇదెవలదే? ఎవలు తినకుండ పోయిండ్రు?" అంది గంగాబాయి.

"ఎవలది కాదవ్వా, నీదే. నువ్వు పొద్దటిసంది తిన్నదానికి గింతకు గింత ఏసిన. బఘ్ నా, నువ్వే సూడు."

గిన్నె నిండి గోపురం కట్టి ఉంది. గంగాబాయి ఒక చేత్తో లేపబోయింది, లేవలేదు. రెండు చేతులా లేపింది. అప్పుడే పని నుంచి వచ్చిన దత్తాత్రి గుమ్మంలో నిలబడి చూశాడు. ఆమె భర్త దత్తాత్రి సాంచాలు బాగుచేసే జాబర్. ఆ కార్ఖానాల చప్పుడులో మాట వినపడదు కాబట్టి ఏళ్ల తరబడి సైగలతో పని నడిపి, ఇంట్లో కూడా నోరు వాడడం దాదాపు మానేశాడు. ఆయన గిన్నెను చూపించి, తన పొట్టను చూపించి, మూడు వేళ్లు ఎత్తాడు. ఇది నాకు మూడు రోజుల తిండి అని దాని అర్థం. కాసేపు ఆలోచించి నాలుగో వేలు కూడా ఎత్తాడు.

"సాలు తియ్యి, సంబురం," అని కసిరింది గంగాబాయి. దీపాలి ఆ రోజు తల్లి తాగిన చాయ్‌లలో పడినంత చక్కెరను ఒక గ్లాసులో పోసి అది కూడా తెస్తుంటే, "గది నాకు సూపెట్టకు," అని మొహం తిప్పుకుంది. ఆ సాయంత్రం ఆమె గాలి మాట ఎత్తలేదు. తర్వాత కూడా ఎన్నడూ ఎత్తలేదు.

మరునాటి నుంచి ఆమె వంటింట్లో తలుపు చాటున జొన్నరొట్టె, ఆకుకూర తినడం మొదలుపెట్టింది. చాయ్‌లో చక్కెర మానేసింది. అది తాగిన ప్రతిసారీ వేపాకు నమిలిన మొహం పెట్టింది గానీ తాగింది. పొద్దున వరాలా తలావ్ అనే చెరువు చుట్టూ నడవడానికి పోయేది. కుంటుతూ నడిచే ఆమె వెనకాల దత్తాత్రి చేతులు వెనక్కి కట్టుకుని మౌనంగా నడిచేవాడు. అన్నీ కుదిరాయి. కుదరనిది ఒక్కటే, ఆ మొదటి ముద్ద.

మానేద్దామంటే పంగత్ మొత్తం ఆమె మొహం వైపే చూస్తూ కూర్చుంటుంది. ఎందుకు మానావంటే కాలు సంగతి చెప్పాలి. గంగాబాయి బాగా ఆలోచించి, పది మందికి వండి పెట్టే ఆడమనిషి మాత్రమే చేయగలిగిన తెలివితక్కువ పని చేసింది. ముద్ద కలిపేది, నోటిదాకా తెచ్చేది, కొంగు అడ్డం పెట్టుకుని నమిలినట్టు దవడలు ఆడించేది, ముద్దను మాత్రం పీట వెనకాల గిన్నెలోకి జారవిడిచేది. దవడలు ఎంత బాగా ఆడించేదంటే, ఒక్కోసారి తనకే కడుపు నిండినట్టు అనిపించేది.

కానీ అక్కడ కూర్చున్నవాళ్లు నేతగాళ్లు. అంత పొడుగు బట్టలో ఒక్క పోగు తెగితే నిలబడ్డచోటి నుంచే పట్టేసే కళ్లు వాళ్లవి. వారం తిరగకముందే లక్ష్మీనర్సయ్య చూశాడు. ఆయన ఎప్పటిలాగే గొంతు సవరించుకున్నాడు. సగం కంచం వదిలేసి లేచిపోయాడు. ఆయన పక్కవాడూ చూశాడు, వాడు మాత్రం గొంతు సవరించుకోకుండానే ఊరంతా చెప్పాడు.

గంగక్క తాను వండింది తాను తినడం లేదట. ఈ మాట గుప్పుమంది. పురుగు బియ్యం తెచ్చిందని ఒకడు, నూనెలో ఏదో కలుపుతోందని ఒకడు. వెనక సందులో యమునాబాయి ఈ అదను వదల్లేదు. తన పంగత్‌లో కూడా పీట వేయించుకుని, "గామె తినకుంటే నేను తింట. ఒకటి కాదు, రెండు తింట, సూడుర్రి," అని రెండు ముద్దలు మింగడం మొదలుపెట్టింది. గంగాబాయి పంగత్‌లో పీటలు ఖాళీ అవుతూ వచ్చాయి. వండిన అన్నం గిన్నెల్లోనే మిగిలిపోయేది.

చివరికి ఆమె ఓర్చుకోలేకపోయింది. ఒకనాడు ఉన్న కొద్దిమంది ముందు కొంగు అడ్డం తీసేసి, తెల్లన్నం ముద్ద నిజంగానే మింగింది. ఎంత రుచిగా ఉందో ఆమెకే తెలుసు. మరునాడు కొందరు తిరిగి వచ్చారు. ఆ తర్వాత మరికొందరు వచ్చారు. ముద్దలు మళ్లీ మొదలయ్యాయి, ముద్దల వెనకాల మొహమాటానికి చక్కెర చాయ్‌లూ మొదలయ్యాయి. బిస్సీ నిండింది. బొటనవేలు నల్లబడింది.

మళ్లీ చూపించుకోవడానికి పోతే డాక్టరమ్మ కేకలు వేయలేదు. కేకలు వేసి ఉంటే గంగాబాయి తట్టుకునేది. కట్టు విప్పి, వేలిని చూసి, కొత్త కట్టు కట్టింది. దసరాదాకా ఆగే వ్యవహారంలా లేదు, పదిహేను రోజులు చూద్దాం అంది. బయటికి వచ్చాక దీపాలి రోడ్డు మీదే ఏడ్చింది.

"అవ్వా, వాళ్లు కంచం కోసం అస్తరు. నీ కాలు పోతే ఎవలన్న తెచ్చిస్తరా? మలా సాంగ్ నా, చెప్పు."

గంగాబాయి కొంగుతో కూతురి కళ్లు తుడిచింది. ఇంటికి పోయి ఎప్పటిలాగే వండింది. సాయంత్రం పంగత్ నిండుగా కూర్చుంది, లక్ష్మీనర్సయ్య కూడా వచ్చాడు. వడ్డన అయింది. ఆమె పీట మీద కూర్చోలేదు. గది మధ్యలో నిలబడి చీర కుచ్చెళ్లు కాస్త పైకి ఎత్తి, కట్టు విప్పి, కాలు ముందుకు చాపింది.

"ఏందక్కా, బువ్వ ముంగట కాలు సూపెడుతవ్?" అన్నాడొకడు.

"సూడుర్రి. మంచిగ సూడుర్రి. నాకు శక్కెర బీమారి. గిన్నేండ్లు మీ అందరి ముంగట తిన్న ముద్దలే గీ కాలు మీదికి అచ్చినయ్. బియ్యంల పురుగు లేదు, నూనెల కల్తీ లేదు. నేను దొంగముద్ద తిన్నది నా కాలు కోసం." ఆమె విప్పిన కట్టుగుడ్డను పక్కకు విసిరింది. "రేపటిసంది గీ ఇంట్ల ఒక్కటే వంట. నేనేది తింటె గదే మీకు. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర. నూనె తేలది. తెల్లన్నం శుక్రారం ఒక్కపూట. ఉండేటోడు ఉండుర్రి, పోయేటోడికి యమున ఇల్లు ఎరికే."

 లక్ష్మీనర్సయ్య ఆ వేలిని చూశాడు, ఆమె మొహం చూశాడు, కంచం పక్కకు జరిపి లేచాడు. చెప్పులు తొడుక్కోవడానికి కూడా ఆగకుండా చేత్తో పట్టుకుని బయటికి నడిచాడు. తెల్లన్నం పోతుందనగానే మొట్టమొదట లేచింది అంత పెద్దమనిషా అని అందరూ ముక్కున వేలేసుకున్నారు; ఆ వెంటనే వాళ్లలోనూ చాలామంది ఒక్కొక్కరే లేచిపోయారు. గంగాబాయికి తక్కినవాళ్లు పోయినందుకంటే ఆయన పోయినందుకే ఎక్కువ నొప్పి కలిగింది.

మిగిలినవాళ్లు కొద్దిమందే. వాళ్లు కూడా జొన్నరొట్టె మీద ప్రేమతో ఉండలేదు, కొందరికి వెనక సందు దాకా పోవడానికి బద్ధకం, కొందరికి మొహమాటం. మొదటి రోజు రొట్టెను గిన్నె మూతలా అటూ ఇటూ తిప్పి చూశారు. "గీ రొట్టె తినెతందుకు భివండికి రావాల్నా? మా ఊర్ల లేదా?" అని సణిగారు. గంగాబాయి చెవిలో వేసుకోలేదు. తాను కూడా ఇప్పుడు తలుపు చాటున తినడం లేదు. వాళ్ల ఎదురుగా కంచం పెట్టుకుని, కాళ్లు మడుచుకుని, రెండు పూటలా కూర్చుని తింటోంది. జీవితంలో మొదటిసారి ఆమెకు భోజనం అంటే ఏమిటో తెలిసింది. నమిలి తింటే పప్పుకు రుచి ఉంటుందని కూడా తెలిసింది.

పదిహేను రోజుల గడువు గడిచింది. డాక్టరమ్మ వేలిని నొక్కి చూసి ఇంకొన్నాళ్లు ఆగుదాం అంది. ఇంకొన్నాళ్లకు నలుపు తగ్గింది. దసరా నాటికి పుండు అంచులు దగ్గరపడ్డాయి. దీపావళి దాటాక డాక్టరమ్మ కట్టు అక్కర్లేదంది. చక్కెర పూర్తిగా పోలేదు, ఇక ఎన్నడూ పోదు కూడా, మాత్రలు మింగుతూ ఉండాల్సిందే. కానీ వేలు మాత్రం ఆమెదే, ఆమె కాలికే ఉంది. ఆ రోజు తలావ్ చుట్టూ కుంటకుండా నడిచింది. వెనకాల దత్తాత్రి ఆయాసపడుతూ, కొంచెం ఆగమని సైగ చేశాడు. వెనక్కి తిరిగి చూడని మనిషికి సైగ ఎట్లా కనిపిస్తుంది? చాలా ఏళ్ల తర్వాత ఆయన నోరు తెరిచి, "గంగూ, జర మెల్లగ," అని అరవాల్సి వచ్చింది.

కాలు దక్కింది సరే, బిస్సీ మాత్రం దక్కేలా లేదు. రొట్టెకు అలవాటు పడ్డవాళ్లు, తిన్నాక సాంచా దగ్గర నిద్ర తూగడం లేదని, కడుపులో మంట తగ్గిందని చెబుతూనే ఉన్నారు. కానీ కొత్తవాళ్లు రావడం లేదు. గుమ్మంలో నిలబడి కంచాలు చూసి వెనక్కి పోతున్నారు. ఇట్లాగే ఉంటే వచ్చే ఎండాకాలానికి పొయ్యి ఆరిపోతుందని ఆమెకు తెలుసు.

ఒక మధ్యాహ్నం జొన్నలు పట్టించడానికి పిండిగిర్నీకి పోయింది. అక్కడ యమునాబాయి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూడనట్టు గోడలు చూశారు. యమునాబాయి గిర్నీవాడి కుండలోంచి ఒక గ్లాసు నీళ్లు తాగింది. వెంటనే ఇంకొకటి తాగింది. పిండి సగం పట్టేలోగా మళ్లీ కుండ దగ్గరికి పోయింది. తర్వాత బస్తా మీద కూలబడి కళ్లు మూసుకుంది. ఆమె మడమకు ఒక గుడ్డ చుట్టి ఉంది.

గంగాబాయికి అంతా అర్థమైంది. ఆమె దేవత ఏమీ కాదు. పంగత్‌కు రెండేసి ముద్దలు, నూనె తేలే పప్పు, నేను నోరు మూసుకుంటే చాలు, వెనక సందు బిస్సీ దానంతటదే మూతపడుతుంది అన్న ఆలోచన వచ్చింది. వచ్చిన ఆలోచనను కాసేపు అట్టే పెట్టుకుని చూసింది కూడా. గిర్నీ తిరుగుతూనే ఉంది. యమునాబాయి నాలుకతో ఎండిపోయిన పెదవులు తడుపుకుంటూ నాలుగోసారి లేవబోయి తూలింది. గంగాబాయి ఆమె రెక్క పట్టుకుంది.

"నీళ్లతోటి తీరేది కాదది. నడువు, డాక్టరమ్మ దగ్గరికి పోదాం."

"నాకేమైంది? నేనేం తింటనక్కా, గా రెండు ముద్దలు తప్ప?" అంది యమునాబాయి.

గంగాబాయి నవ్వింది. నవ్వకూడదనుకుంటూనే, పిండి దులుపుకుంటూ, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత ఆమెను ఆటో ఎక్కించింది.

రిపోర్టు చూశాక యమునాబాయి డాక్టరమ్మ ముందు ధైర్యంగానే ఉంది గానీ, బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ముద్ద మానేస్తే నా బిస్సీ ఏమవుతుందని ఏడ్చింది. ఏడుస్తూనే అనుమానంగా చూసింది.

"నేను బంద్ చేస్తే మావోళ్లు మల్ల నీ తానికే అస్తరు. గందుకేనా నన్ను తోలుకచ్చింది?"

"నా తానికి అస్తే జొన్నరొట్టె తినాలె. ఎవడస్తడు?" అంది గంగాబాయి. అన్నాక తన మాటను తానే మళ్లీ విన్నట్టు ఆగింది. మెట్టు మీద ఆమె పక్కనే కూర్చుంది. "యమునా, నా దగ్గర్నుంచి వాళ్లు ఎందుకు పోయిండ్రు? నీ బిస్సీ ఉన్నదని పోయిండ్రు. రేపు నువ్వు రొట్టె కాలిస్తే నీ దగ్గర్నుంచి ఎందుకు పోతరు? నాదాంట్ల తెల్లన్నం ఉంటే పోతరు. నా తాన లేదు, నీ తాన ఉండద్దు. ఇగ ఏడికి పోతరు?"

యమునాబాయి ఏడుపు ఆపి ఆలోచించింది. ముక్కు చీదుకుంది. "శుక్రారం మాత్రం అన్నం పెడుదాం," అంది.

"పెడుదాం. కానీ నీ పప్పుల గా నూనె తగ్గియ్యాలె."

"నీ పప్పుల ఉప్పు తగ్గియ్యి ముందుగాల," అంది యమునాబాయి. ఇద్దరికీ మాటలు ఎందుకు లేవో ఆ క్షణంలో కొంచెం గుర్తుకొచ్చింది గానీ పట్టించుకోలేదు.

సోమవారం నాడు వెనక సందులో గగ్గోలు లేచింది. యమునాబాయి పంగత్ జొన్నరొట్టెను చూసి భగ్గుమంది. కొందరు కోపంగా లేచి గంగాబాయి ఇంటికి వచ్చారు, కంచాలు చూశారు, అటే తిరిగి పోయారు, మళ్లీ ఇటే వచ్చారు. కనేరిదాకా నడిచి పోయి తినే ఓపిక పాళి దిగినవాడికి ఎక్కడిది? రెండు సందుల మధ్య అటూ ఇటూ తిరిగి, ఆకలి వేసి, ఎక్కడివాళ్లు అక్కడ కూర్చుని తిన్నారు. గంగాబాయి, యమునాబాయి పెరటి మధ్యగోడ మీదుగా ఒకరినొకరు చూసుకుని కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అందరూ తిని పోయాక, పీటలు ఎత్తుతుంటే లక్ష్మీనర్సయ్య వచ్చాడు. గుమ్మం అవతలే నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయాడు, చొక్కా భుజాల మీద వేలాడుతోంది.

"రా అన్నా. ఆడ గూడ రొట్టె అయ్యేసరికి నేను యాదికచ్చిన్నా?" అంది గంగాబాయి. ఇన్నాళ్ల ఉక్రోషం ఆ మాటలో ఉంది.

లక్ష్మీనర్సయ్య ఎప్పటిలా గొంతు సవరించుకున్నాడు.

"నేను యమున తానికి పోలే చెల్లె. ఏ బిస్సీకి పోలే. గదిల అటుకులు నానవెట్టుకొని తింటున్న. రొట్టెకు భయపడి పోలే నేను. నీ కాలు సూసినంక నీ ముంగట బువ్వ మింగుడు పడలే. ఆనాడు ముద్ద తినుమన్నది నేనే గదా. ఇయ్యాల అందరు అంటుంటే విన్న, నీ కాలు మానిందని. ఒక్కసారి సూసి పోదామని అచ్చిన."

గంగాబాయి చేతిలో పీట అట్లాగే ఉండిపోయింది. కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. కళ్లు మండాయి. ఆమె కుచ్చెళ్లు కొంచెం ఎత్తి, కుడికాలు గడప మీద పెట్టింది. లక్ష్మీనర్సయ్య వంగి ఆ బొటనవేలిని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"ఇగ సాలుగని, లోపలికి రా. అటుకులు తిని ఎండుకపోయినవ్," అంది గంగాబాయి పీట వాలుస్తూ. పెనం మళ్లీ పొయ్యి మీద పెట్టి, ఆయన కోసం రెండు, తన కోసం ఒకటి రొట్టెలు కాల్చింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకేసారి తినడం మొదలుపెట్టారు.